వద్దన్నవారిదే దూడ

మా జిల్లా పెద్ద అధికారి గారు ఆ ఏడాది ఒక చర్చి వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వెళ్లారు. అక్కడ సొలొమోను రాజు తీర్పు మీద ప్రసంగం విన్నారు. ఒక్క బిడ్డ కోసం ఇద్దరు స్త్రీలు నాదంటే నాదని రాజు దగ్గరకు రావటం, రాజు కత్తి తెప్పించి బిడ్డను చెరిసగం చెయ్యమనటం, 'నరకొద్దు, ఆమెకే ఇచ్చెయ్యండి' అని ఏడ్చిన మనిషే అసలు తల్లి అని రాజు తేల్చటం, ఇదంతా ఆయన మొదటిసారి విన్నారట. విని చలించిపోయారు. మామూలు మనిషి చలిస్తే కళ్లు తుడుచుకుంటాడు. అధికారి చలిస్తే సర్క్యులర్ వస్తుంది.

సోమవారం పొద్దున్నే వచ్చింది. దానికి 'సత్వర వివేక పరిష్కార విధానం' అని పేరు పెట్టారు. ఒకే వస్తువును ఇద్దరు తమదని చెబితే, తహసీల్దారు ఇద్దరినీ పిలిపించి, ఆ వస్తువును సమాన భాగాలుగా ఖండించమని ఉత్తర్వు ఇవ్వాలి. ఖడ్గం చూపించాలి. ఏ పార్టీ అయితే హక్కు వదులుకుంటుందో ఆ పార్టీయే నిజమైన హక్కుదారు. వారంలోగా స్వాధీనపరచాలి. మండలానికి నెలకు నాలుగు కేసులకు తగ్గకూడదు.

నేను అప్పుడు నల్లరేగడిపాడు మండల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. మా తహసీల్దారు పరంధామయ్య గారు సర్క్యులర్‌ను రెండుసార్లు చదివి, కళ్లకద్దుకుని, "ఇన్నాళ్లూ మనం సాక్ష్యాలూ కాగితాలూ అంటూ కాలయాపన చేశామయ్యా" అన్నారు.

ఖడ్గం దొరకటానికి మూడు రోజులు పట్టింది. చివరికి మా అటెండరు పుల్లయ్య, పౌరాణిక నాటకాలు ఆడి మానేసిన ఒక పెద్దాయన ట్రంకు పెట్టెలోంచి రేకు కత్తి ఒకటి పట్టుకొచ్చాడు. మధ్యలో కొంచెం వంగింది. పరంధామయ్య గారు దాన్ని ఒరలోంచి లాగినప్పుడల్లా కిర్రుమనేది. ఆ చప్పుడు విచారణకు గాంభీర్యం ఇచ్చిందని ఆయన నోట్ ఫైల్లో నమోదు చేయించారు.

మొదటి కేసు సైకిలు. ఇద్దరు నాదంటే నాదన్నారు. కత్తి కిర్రుమంది. అందులో ఒకడు, "నా నాయన తొక్కిన సైకిలండీ, ముక్కలు చెయ్యమాకండి, వాడే తీసుకోని" అన్నాడు. సైకిలు అతనికే వచ్చింది. నిజంగా అతనిదే కూడా. పేపర్లో ఫొటో పడింది. పరంధామయ్య గారు కత్తి పట్టుకుని నవ్వుతున్నారు.

ఆ పేపరు మండలమంతా చదివింది. రెండో నెలకల్లా మా మండలంలో ఎవరూ ఏదీ తమదని చెప్పటం మానేశారు. పందిరిమంచం కోసం వచ్చిన అన్నదమ్ములు "వాడిదేనండీ", "కాదండీ, అన్నదే" అంటూ ఒకరినొకరు తోసుకున్నారు. ఆ తోపులాటలో అన్నకు పన్ను ఊడింది. త్యాగం చేస్తూ మనిషి దెబ్బలు తినటం నేను చూడటం అదే మొదటిసారి. మంచం ఇప్పటికీ రికార్డు గదిలోనే ఉంది. దాని మీద పాత ఫైళ్లు పడుకుంటున్నాయి.

అలాంటి రోజుల్లో దూడ వచ్చింది.

సువార్తమ్మ, చెంచమ్మ ఇరుగుపొరుగులు. ఇద్దరి ఇళ్లకూ నడుమ ఒకటే మట్టిగోడ. ఇద్దరూ మొగుళ్లు పోయినవాళ్లే, ఇద్దరికీ ఒక్కొక్క బర్రె ఆధారం. ఆ మంగళవారం మధ్యాహ్నం ఇళ్ల వెనకే ఉన్న కాలువ గట్టున మేతకు తోలిన రెండు బర్రెలూ గంట తేడాలో ఈనాయి. ఒక దూడ బతికింది, ఒకటి చచ్చింది. సువార్తమ్మ బర్రెను కడగటానికి కాలువలోకి దిగి నీళ్లు ముంచుకుని వచ్చేసరికి, బతికిన దూడ చెంచమ్మ కొట్టంలో కట్టేసి ఉంది. చచ్చిన దూడ సువార్తమ్మ బర్రె ముందు పడి ఉంది.

మర్నాడు ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. దూడనూ తెచ్చారు. నల్లగా, తడిగా, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతున్న పెయ్య దూడ.

"అయ్యా, దీనికి పంచాయితీ ఎందుకండీ?" అంది సువార్తమ్మ. "దూడని ఇప్పి ఒదలండి. ఏ బర్రె కాడికి పోద్దో చూడండి. ఏ బర్రె పాలు చేపుద్దో చూడండి. చిటికెలో తేలిపోద్ది."

నాకు సబబుగానే తోచింది. పుల్లయ్య అప్పటికే పలుపు విప్పబోయాడు.

"ఆగు!" అన్నారు పరంధామయ్య గారు. "సర్క్యులర్‌లో బర్రె ప్రస్తావన ఎక్కడుందయ్యా? పార్టీలు ఇద్దరు. బర్రె పార్టీ కాదు. పార్టీ కానివాళ్ల అభిప్రాయం మనం తీసుకోరాదు."

దూడను వివాదాస్పద వస్తువుగా స్వాధీనం చేసుకుని, జీపు లేని జీపు షెడ్డులో కట్టేయించారు. విచారణ గురువారం పదకొండింటికి. ఈలోగా దూడకు పాలు ఎవరు పట్టాలన్న ప్రశ్న వచ్చింది. సువార్తమ్మ చెంబుతో ముర్రుపాలు తెచ్చింది. పరంధామయ్య గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒక పార్టీ పాలు తాగితే దూడ ప్రభావితం అవుతుందమ్మా. తటస్థ పాలు పట్టిస్తాం."

తటస్థ పాలంటే ప్యాకెట్ పాలు. పుల్లయ్య సీసాతో పట్టాడు. దూడ సగం తాగి, సగం కక్కింది. షెడ్డు వెనక చువ్వలు విరిగిన కిటికీ ఒకటుంది. మొదటి రెండు రోజులూ ఆ కిటికీలోంచి ఒక చెంబు లోపలికి వెళ్లి ఖాళీగా బయటికి వచ్చేదని నాకు తెలుసు. తెలిసినా నోట్ ఫైల్లో రాయలేదు.

గురువారం సర్వేయరును పిలిపించారు. సమాన భాగాలు అన్నారు కాబట్టి మధ్యరేఖ ఉండాలి. సర్వేయరు టేపు పట్టి, దూడ మూతి నుంచి తోక దాకా సుద్దముక్కతో గీత గీశాడు. దూడ కదలటంతో గీత వంకరపోయింది. "కుడి భాగం రవ్వంత ఎక్కువొచ్చింది సార్, సరిచెయ్యమంటారా?" అని అడిగాడు. దూడ అతని చేతిలో సుద్దముక్కను నాకటం మొదలుపెట్టింది.

పరంధామయ్య గారు లేచి నిలబడి కత్తి దూశారు. కిర్రుమంది.

"పైన ఉదహరించిన సర్క్యులర్ ప్రకారం, వివాదాస్పద దూడను గీసిన గీత వెంబడి రెండుగా ఖండించి, ఉభయ పార్టీలకు చెరొక భాగం..."

"వద్దయ్యా!" సువార్తమ్మ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. "సూది మొన కూడా తగలనియ్యమాకండి. చెంచమ్మకే ఇయ్యండి. ఎవరి కొట్టంలో ఉంటే ఏం, బతికుంటే చాలు."

ఆమె పేపరు చదవదు. అక్షరాలు రావు.

చెంచమ్మ మాత్రం సైకిలు సంగతి విన్న మనిషి. ఆమె ఒక్క క్షణం దూడ వంక చూసి, "నాకూ వద్దండీ. వదినకే ఇయ్యండి" అంది.

పరంధామయ్య గారు కత్తి దించారు. నా వైపు తిరిగారు.

"ముందు ఎవరు వదులుకున్నారు?"

"సువార్తమ్మ సార్."

"ఎన్ని సెకన్లు ముందు?"

"చూడలేదు సార్."

"చూడాలి కదయ్యా. రేపు ఆడిట్ అడిగితే ఏం చెబుతాం?"

విచారణ వాయిదా పడింది. నోటిమాట చెల్లదని, త్యాగాన్ని నిర్ణీత నమూనాలో మూడు ప్రతులతో సమర్పించాలని ఇద్దరికీ మెమో ఇచ్చాం. శుక్రవారం ఇద్దరూ సమర్పించారు. సువార్తమ్మ వేలిముద్ర వేస్తూ, "ఇది ఏస్తే పాలు తాగనిస్తారా అయ్యా?" అని అడిగింది. చెంచమ్మ తన కాగితంలో దూడతోపాటు పలుపూ, మెడగంటా కూడా వదులుకున్నట్టు రాయించింది. త్యాగం ఎక్కువైతే మార్కులు ఎక్కువ వస్తాయని ఎవరో చెప్పారట.

శనివారం పరంధామయ్య గారు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నాకు డిక్టేషన్ ఇచ్చారు. ఉభయ పార్టీలూ లిఖితపూర్వకంగా హక్కు వదులుకున్నందున, సదరు దూడ ఎవరికీ చెందనిదైనది. ఎవరికీ చెందనిది ప్రభుత్వానికి చెందును. కావున సదరు దూడను ప్రభుత్వ దూడగా నమోదు చేయడమైనది.

స్టాకు రిజిస్టర్లో కుర్చీల తర్వాత, ఇనుప బీరువాకు ముందు రాశాను: ప్రభుత్వ దూడ, నంబరు ఒకటి. పుల్లయ్య ఎర్ర పెయింటుతో నంబరు వెయ్యటానికి వెళ్లి, వెయ్యకుండా తిరిగొచ్చాడు.

"పడుకునుంది సార్. లేవట్లా."

అప్పటికి కిటికీలోంచి చెంబు రావటం ఆగిపోయింది. దూడ పక్కన లేకపోతే బర్రె చేపదు. చేపని బర్రెకు పొదుగు గడ్డకట్టుకుపోతుంది. సువార్తమ్మ షెడ్డు బయట కూర్చుని కిటికీలోంచి దూడకు తన చీర కొంగు చూపిస్తోంది. ఆ కొంగును పొద్దున బర్రె పొదుగుకు రుద్ది తెచ్చిందట. వాసనైనా తగలనీ అంది.

ఆదివారం సెలవు. పుల్లయ్య ఒక్కడే వచ్చి, షెడ్డు తడిక తీసి, సీసాతో నీళ్లు పట్టి వెళ్లాడు.

సోమవారం నాకు ధైర్యం వచ్చింది. కొంచెమే వచ్చింది. "సార్, ఆ మూల గ్రంథంలో అసలేముందో తెలిసినవాళ్లను అడిగితే?" అన్నాను. పరంధామయ్య గారికి ఇది నచ్చింది. విషయ నిపుణుల అభిప్రాయం ఫైల్లో ఉంటే బరువుగా ఉంటుంది.

దైవసహాయం గారని ఎనభై ఏళ్ల పాస్టరు గారు రిటైరై మా ఊళ్లోనే ఉంటున్నారు. వేదాంత కళాశాలలో హెబ్రీ భాష చెప్పిన మనిషి. రిక్షాలో వచ్చారు. సంచిలోంచి పుస్తకం తీసి, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ ఆ భాగం చదివారు. మాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరో పెద్దవాళ్లు మందలిస్తున్నట్టు అనిపించింది.

"ఇక్కడ రాజు ఏమన్నాడంటే," అన్నారు ఆయన, "'ఆమెకు ఇవ్వండి' అన్నాడు. ఆమె అంటే ఎవరని పేరు లేదు. ఇద్దరికీ పేర్లే లేవు. వాక్యం ప్రకారం పోతే చివర మాట్లాడింది 'నరకండి' అన్న రెండో ఆడమనిషి, 'ఆమె' అంటే ఆవిడే కావాలి."

పరంధామయ్య గారి కలం ఆగింది. "అంటే అస్పష్టత ఉందన్నమాట."

"చదివేవాళ్లకు ఉందేమో నాయనా. అక్కడ నిలబడినవాళ్లకు లేదు. రాజు ఎవరి మొహం చూసి 'ఆమె' అన్నాడో అందరికీ కనబడింది. ఆయన దగ్గర విధానమేమీ లేదు. ఇద్దరు ఆడవాళ్ల మొహాలు చూశాడు. అంతే. మర్నాడు ఇంకో కేసు వస్తే మళ్లీ కత్తి తెప్పించేవాడు కాదు."

"మొహం చూడటానికి నమూనా ఏదైనా సూచించారా?"

దైవసహాయం గారు పుస్తకం మూశారు. చాలాసేపు మా తహసీల్దారు గారి మొహం చూశారు. "లేదు నాయనా" అని లేచి వెళ్లిపోయారు. వెళ్తూ షెడ్డు దగ్గర ఆగి, సువార్తమ్మ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. మూల గ్రంథం అస్పష్టంగా ఉన్నట్టు నిపుణులు ధ్రువీకరించారని నేను మినిట్స్ రాశాను.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ గేటు దగ్గర పెద్ద శబ్దమైంది. సువార్తమ్మ బర్రె పలుపు తెంపుకుని, రెండు కిలోమీటర్లు రోడ్డు మీద పరిగెత్తి, మా గేటును కొమ్ములతో నెట్టుకుని లోపలికి వచ్చింది. అర్జీలు పెట్టుకోవటానికి వచ్చినవాళ్లు చెల్లాచెదురయ్యారు. అది ఎవరినీ చూడలేదు. షెడ్డు తడిక మీద తల పెట్టి అరిచింది.

శనివారం నుంచి లేవని దూడ లేచింది. మోకాళ్ల మీద ఒకసారి పడింది, మళ్లీ లేచింది. పుల్లయ్య ఎవరి ఉత్తర్వూ లేకుండా తడిక తీశాడు. దూడ పొదుగు కింద దూరి మూతితో పొడిచింది. బర్రె కళ్లు సగం మూసుకుని చేపింది. పాలు దూడ మూతి పక్కల నుంచి నేల మీద కారుతున్నాయి. చూస్తున్న జనంలో ఎవరో "ఇంకేం కావాలయ్యా సాక్ష్యం?" అన్నారు.

పరంధామయ్య గారు మెట్ల మీద నిలబడి సర్క్యులర్ తిరగేస్తున్నారు. ఆయన చెడ్డమనిషి కాదని నేను ఇప్పటికీ అంటాను. ఆయన కళ్లలోనూ తడి ఉంది. కానీ కళ్ల కింద కాగితం ఉంది.

"నిజమైన తల్లి వదులుకుంటుంది అని గదా నిబంధన," అన్నారు. "ఈ బర్రె వదులుకుందా? లేదు. పైగా గేటు విరగ్గొట్టి మరీ కావాలంటోంది. నిబంధన ప్రకారం ఇది తప్పుడు హక్కుదారు. విడదీయండి."

ఎవరూ కదల్లేదు. చివరికి సువార్తమ్మే వచ్చింది. బర్రె మెడలో తాడు వేసి, "పద తల్లీ, సర్కారోళ్లు చంపుతారు నిన్ను" అంటూ లాగింది. అది రాలేదు. కాళ్లు నేలలో పాతుకుని నిలబడింది. ఆమె దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. దాని మెడను కావలించుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడు చెంచమ్మ జనంలోంచి వచ్చింది. ఆమె వారం రోజులుగా వాయిదాలకు వస్తూనే ఉంది. మెట్ల ముందు నేల మీద కూలబడింది.

"నాది కాదండీ దూడ" అంది. "నేను అబద్ధం ఆడా. నా దూడ కన్ను తెరవలేదు. నా బర్రె దాన్ని నాకతానే ఉంది, నాకతానే ఉంది. చూళ్లేకపోయా. పక్కన చూస్తే వదిన దూడ లేచి నిలబడతంది. వదిన నీళ్లకు పోయింది. ఎత్తుకొచ్చి కట్టేశా. నన్ను జైల్లో పెట్టండి, ఏమన్నా చేసుకోండి. దూడని మాత్రం దానమ్మ కాడ ఒదలండి."

తీరిపోయిందనుకున్నాను.

పరంధామయ్య గారు నెమ్మదిగా మెట్లు దిగి వచ్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశావా?" అన్నారు నాతో. "దూడ బతకటం కోసం అబద్ధాలకోరునన్న మచ్చ నెత్తిన వేసుకుంది. జైలుకైనా వెళ్తానంటోంది. ఇంతకన్నా మించి వదులుకోవటం ఉంటుందా? ఇదయ్యా తల్లి హృదయం! ఇదీ సర్క్యులర్ ఉద్దేశం! దూడ చెంచమ్మదే."

"అయ్యో, నాది కాదంటంటేనండీ!"

"అదిగో, ఇంకా వదులుకుంటోంది!"

"సార్," అన్నాను. నా పదోన్నతి ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. "సార్, సువార్తమ్మ కూడా వదులుకుంది కదా."

"ఆమె దూడకు పాలు అడుగుతూనే ఉందయ్యా, రోజూ. ఆసక్తి వదల్లేదు. రాయి."

రాశాను. ఆ ఉత్తర్వు నా చేతిరాతలోనే ఉంది. నా అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉంటాయని ఆఫీసులో పేరు. ఆ రోజు కూడా అలాగే వచ్చాయి. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

దూడను మళ్లీ షెడ్డులో పెట్టాక, సువార్తమ్మ చీకటిపడే వేళకు బర్రెను ఎలాగో ఇంటికి తోలుకుపోయింది. బుధవారం స్వాధీనపరిచే కార్యక్రమం. పరంధామయ్య గారు, సర్వేయరు, ఫొటోగ్రాఫరు, నేను, కత్తి పట్టుకుని పుల్లయ్య, అందరం ఊరేగింపుగా బయల్దేరాం. ముందు చెంచమ్మ దూడను రెండు చేతుల్లో ఎత్తుకుని నడుస్తోంది. నేల మీద నడిపించబోతే అది తూలింది. సువార్తమ్మ రాలేదు. ఇంటి అరుగు మీద మోకాళ్లు కావలించుకుని కూర్చునుంది. మమ్మల్ని చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

చెంచమ్మ తన గుమ్మం ముందు ఆగలేదు.

"అమ్మా, నీ ఇల్లు దాటిపోతున్నావు" అన్నారు పరంధామయ్య గారు.

"నా దూడేగా అయ్యా? కాయితం ఇచ్చారుగా?"

"ఇచ్చాం."

"మరి నా ఇష్టమొచ్చిన చోట కట్టేసుకుంటా."

ఆమె సువార్తమ్మ కొట్టంలోకి వెళ్లి దూడను దించింది. బర్రె మూతి ఎత్తి వాసన చూసింది, తర్వాత నాకటం మొదలుపెట్టింది. ఫొటోగ్రాఫరు, "సార్, వెలుతురు బాగుంది" అన్నాడు. పరంధామయ్య గారు కాసేపు ఆలోచించి, స్వాధీనం ఏ కొట్టంలో జరగాలో సర్క్యులర్‌లో లేదని తేల్చుకుని, ఫొటోకు నిలబడ్డారు.

మేం తిరిగి వస్తుంటే వెనక మాటలు వినపడ్డాయి. సువార్తమ్మ అరుగు దిగలేదు.

"నిన్ను చంపాలన్నంత కోపంగా ఉంది నాకు" అంది.

"చంపు వదినా."

నేను నడక తగ్గించాను.

"నీ బర్రె పొద్దుటి నుంచి అరుస్తా ఉంది. దానికి మేత ఏశావా?"

"లేదు."

"నాలుగు చొప్పకట్టలు ఇక్కడ ఉన్నయ్. తీసుకుపో. తర్వాత మాట్లాడదాం నీ సంగతి."

కేసు ఎనిమిది రోజుల్లో పరిష్కారమైందని జిల్లాకు నివేదిక వెళ్లింది. ఒక రోజు ఆలస్యానికి సంజాయిషీ కూడా పంపాం. తర్వాతి నెల సమీక్షా సమావేశంలో పెద్ద అధికారి గారు దీన్ని ఆదర్శ పరిష్కారంగా ప్రకటించి, ఒక జ్ఞాపిక చేయించారు. టేకు చెక్క మీద ఇత్తడి రేకు, దాని మీద పెద్ద అక్షరాలతో 'వివేకం' అని ఒక్క మాట.

అందుకోవటానికి పరంధామయ్య గారు లేచారు. అదే సమయంలో డివిజన్ అధికారి గారు కూడా లేచారు. మార్గదర్శనం తనదేనని, మండలం కేవలం అమలు చేసిందని ఆయన అన్నారు. ఆలోచన, ఖడ్గం, గీత, అన్నీ మండలానివేనని పరంధామయ్య గారు అన్నారు. పది నిమిషాలు గడిచింది. నాదంటే నాదని ఇద్దరూ ఒక్క జ్ఞాపికను చెరో అంచూ పట్టుకున్నారు.

పెద్ద అధికారి గారు చిరునవ్వు నవ్వారు. తన సర్క్యులర్ తన కళ్ల ముందే ఫలించబోతోందన్న నవ్వు అది.

"అయితే రంపం తెప్పించి రెండుగా కోయించేద్దామా?" అన్నారు.

వెనక వరుసలో కూర్చున్న నేను మెడ చాచి చూశాను.

"కోయించండి సార్" అన్నారు డివిజన్ అధికారి గారు.

"సరిగ్గా మధ్యకు కోయించండి సార్" అన్నారు మా పరంధామయ్య గారు.

కోయించారు. మా వాటా ఇప్పుడు మా ఆఫీసు గోడకు మేకు కొట్టి తగిలించి ఉంది. దాని మీద 'వివే' వరకు ఉంది. 'కం' డివిజన్ ఆఫీసులో ఉంది.